సర్వసమమా, సర్వసమానమా?

పాతనోటుబుక్కు: మా లెక్కల మాస్టారు త్రిభుజాల పాఠం మొదలెట్టేముందు ఒక పద్యం చదివేవారు. రెండు త్రిభుజాలు అచ్చంగా ఒకదానిమీద ఒకటి సరిపోతాయని తేల్చే నియమాలు, భు.కో.భు. (భుజం-కోణం-భుజం), కో.భు.కో., భు.భు.భు., ఆఖర్న లం.క.భు. (లంబకోణం-కర్ణం-భుజం) కూడా అందులోనే ఇమిడేవి. నాకు చివరి ముక్కే మిగిలింది: "...సర్వసమానమగున్". పై పాదాలు ఎవరికైనా వచ్చా?

బళ్ళారికోడలు: 'సమాన' కాదు, 'సమ' అయ్యుంటుంది. మావాడి కన్నడ పుస్తకంలో సర్వసమ త్రిభుజాలే. తమిళంలోనూ సర్వసమమే. హిందీవాళ్ళది సర్వాంగసమ. ఈ 'మా' దీర్ఘం మనకొక్కళ్ళకే ఎందుకొచ్చింది?

రిటైర్డ్‌లెక్కలు: ఊరికే రాలేదమ్మా. పాతకాలపు గణితవేత్త మహావీరాచార్యుడు త్రిభుజాల్ని సమ, ద్విసమ, విషమ అని మూడు రకాలు చేశాడు. అక్కడ 'సమ' అంటే మూడు భుజాలూ ఒకటే. ఇక 'సర్వసమ త్రిభుజం' అంటే పిల్లాడికి సమబాహు త్రిభుజమే తడుతుంది. అదే 'సమానం' అన్నారనుకోండి, దేనితో అని అడుగుతాడు. రెండో త్రిభుజం వెతుక్కుంటాడు. ఏడో తరగతి పాఠం పేరు కూడా 'త్రిభుజాల సర్వసమానత్వం' అనే ఉండేది.

గణవిభజన: వాదన బాగుంది మాస్టారూ, కానీ అది కంద పద్యమైతే ఛందస్సులో 'సమాన' పొసగదు. చివరిదైన ఎనిమిదో గణం 'నమగున్', సగణం (రెండు లఘువులు, ఒక గురువు). దాని ముందు 'ర్వసమా', అదీ సగణమే. అప్పుడు ఆరో గణం 'సర్' అనే గురువుతో ముగియాలి. ఆరోది నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కదా, రెండూ లఘువుతోనే ముగుస్తాయి. 'సర్వసమమగున్' అనండి. భగణం, సగణం. హాయిగా కూర్చుంటుంది.

రిటైర్డ్‌లెక్కలు: కందమని ఎవరన్నారు?

గణవిభజన: బడిపిల్లలకు భు.కో.భు. నేర్పడానికి శార్దూలం ఎత్తుకుంటారా ఎవరైనా?

మల్లనభక్తుడు: ఎత్తుకుంటే తప్పేంటి? మీరంతా మహావీరుడి పేరు చెప్తారు గానీ, ఆయన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లనను ఒక్కరూ తలవరు. భిన్నాల లెక్క పద్యమై నోటికొస్తుంటే ఆ రుచే వేరు. కవుల జాబితాలో ఆయన్ని చివర్న రెండు వాక్యాలతో సరిపెట్టడం నాకు ఎప్పటినుంచో కడుపుమంట.

బళ్ళారికోడలు: సరేనండీ, సమమా సమానమా?

రిటైర్డ్‌లెక్కలు: యూక్లిడ్ మొదటి పుస్తకం నాలుగో సిద్ధాంతం భు.కో.భు. ఒక త్రిభుజాన్ని ఎత్తి రెండోదాని మీద పెట్టి, రెండూ 'సమానం' అనే తేల్చాడు. విడిగా ఇంకో మాట వాడలేదు. మనదీ ఆ దారే.

గణవిభజన: ఆయనకు ఆరో గణం బాధ లేదు.

పాతనోటుబుక్కు: పై పాదాల సంగతి అలాగే ఉండిపోయింది. ఒకటి గుర్తొచ్చింది, మాస్టారు 'నడిమి కోణము' అని గట్టిగా ఒత్తి పలికేవారు. అది పద్యంలోదో, కోణం రెండు భుజాల నడుమ లేని, చెల్లని భు.భు.కో. మేం రాసేస్తామన్న భయంతో ఆయన కలిపిందో తెలీదు.

గణవిభజన: ఆగండాగండి. 'మికోణ' జగణం! రెండో పాదంలో పడుతుంది. ముందు మాట ఏమై ఉంటుంది?

రిటైర్డ్‌లెక్కలు: 'నడిమి' కాదు, 'నడుమ' అయ్యుండాలి.