గడువు తెలియని జాబ్‌కు రెట్టింపు విడతలా, లాగ్ అంచనానా?

వరుసకాపరి: ఎంతసేపు నడవాలో మొదటే చెప్పాల్సిన ప్రోగ్రాం ఇది. మధ్యలో ఆపితే ఫలితమే ఉండదు. ఎప్పుడు ఆపేస్తారో మాత్రం తెలియదు. అందుకే 1, 2, 4, 8 నిమిషాల విడతలుగా, ప్రతిసారీ మొదటి నుంచి నడుపుతాను. గడువు ముందే తెలిసినవారికి దక్కే సమయంలో నాలుగో వంతైనా నాకు దక్కుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్తలు స్టువార్ట్ రస్సెల్, శ్లోమో జిల్బర్‌స్టైన్ 1991లో చూపించింది ఇదే. పాత జాబ్‌లను ఎప్పుడు ఆపారో రాసి ఉన్న లాగ్‌ను చూసి వేసే అంచనాలను ఎలా నమ్ముతున్నారు?

లాగ్‌చదువరి: నాలుగో వంతు కాదు, సగం. 15 నిమిషాలకు 8 నిమిషాల విడత పూర్తవుతుంది కదా.

వరుసకాపరి: పూర్తయ్యాక ఆపితే సగం. ఒక్క క్షణం ముందు ఆపితే చేతిలో ఉండేది 4 నిమిషాలదే. తర్వాత 31కి 8, 63కి 16. గడిచిన సమయానికీ చేతిలోని విడతకూ మధ్య నిష్పత్తి నాలుగుకు చేరువవుతుంది, దాటదు. విడతలను మూడింతలు చేసినా, ఒకటిన్నర రెట్లు చేసినా అది 4.5కు పోతుంది.

కొత్తసభ్యుడు: మధ్యమధ్యలో సేవ్ చేస్తే సరిపోదా?

వరుసకాపరి: సిమ్యులేటెడ్ ఎనీలింగ్‌లో (‘ఉష్ణోగ్రత’ అనే అంకెను మెల్లగా తగ్గిస్తూ మంచి పరిష్కారం వెతికే పద్ధతి) ఉష్ణోగ్రత ఎంత నెమ్మదిగా తగ్గాలన్నది మొత్తం వ్యవధిని బట్టే నిర్ణయిస్తాం. సగంలో సేవ్ చేస్తే ఇంకా చల్లారని పరిష్కారం దొరుకుతుంది.

లాగ్‌చదువరి: సరిగ్గా ఆ క్షణం ముందు ఆపే ప్రత్యర్థి ఎవరండీ? ఆరు నెలల లాగ్ ఎదురుగా ఉండగా ఇంత సమయం పారబోయడం తప్పు.

వరుసకాపరి: ఆ ప్రత్యర్థి నాకు ఎదురయ్యాడు. లాగ్ నమ్మి 10 గంటలకు ఒకే విడత పెట్టాను. 9 గంటల 40 నిమిషాలకు ఆపేశారు. ఫలితాల ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఉదయం సమావేశంలో చూపించడానికి ఏమీ లేదు. 1, 2, 4 గంటల విడతలు పెట్టి ఉంటే 4 గంటల ఫలితమైనా మిగిలేది.

లాగ్‌చదువరి: ఒక్క రాత్రిని పట్టుకుని పద్ధతినంతా తిడతారా? నేను రోజుకు వందల జాబ్‌లు నడుపుతాను. ఒకటి పోయినా సగటు నిలుస్తుంది.

వరుసకాపరి: మీవి వందలు. నాది ఒక్కటే. మనం ఇంతసేపూ వాదిస్తున్నది దీని గురించే, 2, 4 అంకెల గురించి కాదు.

మౌనపాఠకి: రెండూ కలపవచ్చు. ఒక విడత సరిగ్గా అంచనా గడువుకు ముగిసేలా వెనక్కి లెక్కవేయండి. 10 గంటలకైతే చివరిది 5 గంటలు, దాని ముందు 2.5, 1.25, అలా. అంచనా నిజమైతే సగం దక్కుతుంది, తప్పితే నాలుగో వంతు ఎలాగూ ఉంది.

లాగ్‌చదువరి: దీనికి నేను ఒప్పుకుంటాను.

వరుసకాపరి: నా 9:40కి లెక్కవేసి చూడండి. 5 గంటల విడత ఇంకా నడుస్తుంటుంది, చేతిలో 2.5 గంటలదే. 9 గంటలకు గురిపెట్టి ఉంటే 4.5 గంటలది ఉండేది.

లాగ్‌చదువరి: అయితే లాగ్ చెప్పినదానికంటే కొంత ముందు సమయానికి గురిపెట్టండి.

వరుసకాపరి: ఎంత ముందు? అది జాబ్‌ను ఆపేవారే చెప్పాలి. మూడుసార్లు అడిగాను, జవాబు రాలేదు.