రేకులు మార్పించాలి: మొత్తం గుత్తకి ఇవ్వాలా, సరుకు మనమే కొని కూలి ఇవ్వాలా?

పర్లాకిమిడి మాస్టారు:
మా వెనక వసారా, మేడమీద గది రెండూ పాత సిమెంటు రేకులవే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పదకొండు రేకులు లేచిపోయాయి. అప్పుడు ఊళ్లో మేస్త్రీలు దొరకలేదు. ఎక్కడినుంచో వచ్చిన ఒకాయన సగం డబ్బు బయానాగా తీసుకుని, నాలుగు రేకులు దింపి, మళ్లీ కనబడలేదు. ఇన్నాళ్లూ అతుకులతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు అన్నీ తీసేసి కలర్ రేకులు వేయించాలి, జల్లు కొట్టే పక్కగోడకి కూడా రేకు బిగించాలి. బరంపురం కాంట్రాక్టరు సరుకుతో సహా తనే చేస్తానని, పదేళ్ల వారంటీ అని చెబుతున్నాడు. మా వీధి మేస్త్రి సరుకు మీరు తెచ్చుకోండి, కూలి నాకివ్వండి అంటున్నాడు. ఎవరిని నమ్మమంటారు?

గుణుపురం బావ:
ఊరివాడికే ఇవ్వండి మాస్టారూ. రేపు కారితే ఇంటికెళ్లి పిలుచుకు రావచ్చు. ఒక్క స్క్రూ బిగించడానికి బరంపురం నుంచి ఎవరొస్తారు?

బరంపురం కోడలు:
నేను ఒప్పుకోను అన్నయ్యా. ఫైలిన్ తుఫాను తర్వాత మేం ఊరి మేస్త్రికే ఇచ్చాం. మావారికి వరసకి బాబాయి కూడాను. ఆ మొహమాటానికి కాగితం రాయించుకోలేదు. మొదటి వానకే వంటింట్లో మూడుచోట్ల కారింది. మీరు తెచ్చిన రేకే మంచిది కాదని ఆయన, బిగింపు చేతకాలేదని కొట్టువాడు. ఆ రాత్రంతా బియ్యం డబ్బాలు ఈ గది నుంచి ఆ గదికి మోసుకున్నాను. తప్పు జరిగితే జవాబు చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. అందుకే మొత్తం గుత్తకే ఇవ్వండి, కాగితం మీద.

రాయగడ ఫ్యాబ్రికేటర్:
నాది ఇదే పని. గుత్తకిస్తే నాలాంటివాడికే లాభం. అయినా ఉన్నమాట చెప్తాను. ఎవరికిచ్చినా రేకు మందం కాగితం మీద ఉండాలి, తూకంలోనూ తేలాలి. 1220 మి.మీ. వెడల్పు కాయిల్ (ఇనప రేకు చుట్ట) నుంచి తీసిన 12 అడుగుల రేకు 0.50 మి.మీ. అయితే సుమారు 17 కిలోలు తూగుతుంది. 0.40 అయితే 14 దాటదు. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి, మోసం జరిగేది అక్కడే. ఆ మందం రంగుతో కలిపి చెప్పారా, ఉత్త ఇనుముదా అని కూడా అడగండి.

వారంటీ అన్నారు కదా, అది దేనికి? రంగు వెలిస్తేనా, తుప్పు పడితేనా, కారితేనా? ఈ మూడూ వేరువేరు. చాలాసార్లు కారుపు అందులో ఉండదు.

ఇక బిగింపు. తుఫాను గాలి రేకుని పైకి లాగుతుంది, ఆ లాగుడు అంచుల్లో, మూలల్లో ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి. వాషరు కింది నల్ల రబ్బరు అంచు చుట్టూ కొద్దిగా కనబడితే చాలు. ఉబ్బి బయటికొస్తే అతిగా బిగించినట్టు, అది తొందరగా చీలిపోతుంది. రంధ్రాలు చేసినప్పుడు రాలిన ఇనప రజను ఆ సాయంత్రమే ఊడ్పించండి. వదిలేస్తే దానికి పట్టిన తుప్పు మరకలు కొత్త రేకుకి అంటుకుంటాయి.

పాత సిమెంటు రేకులు ఆస్‌బెస్టాస్‌వి అయితే పగలగొట్టనివ్వకండి. తడిపి, నిండు రేకుగానే దింపించండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, పనివాళ్లవీ మీవీ.

డబ్బు సరుకు దిగాక కొంత, బిగించాక కొంత. ఆఖరి భాగం ఒక పెద్ద వాన పడ్డాకే.

గుణుపురం బావ:
ఆ ఆఖరి మాటతోనే పేచీ. చిన్న మేస్త్రి వాన కోసం ఎన్నాళ్లని కాచుకుంటాడు? కూలీలకి సాయంత్రానికి డబ్బులివ్వాలి. పెద్ద కాంట్రాక్టరైతే తట్టుకుంటాడు, ఇతనింట్లో పొయ్యి వెలగదు.

రాయగడ ఫ్యాబ్రికేటర్:
నిజమే బావా. కూలీలది ఏ రోజుకారోజు ఇచ్చేయాలి. ఆపేది మేస్త్రి మిగులులో కొంతే, అదీ ముందే చెప్పి.

పర్లాకిమిడి మాస్టారు:
మూడు రోజులయింది, సంగతి చెప్తాను. బరంపురం ఆయన కొటేషనులో 0.50 అని ఉంది. శాంపిలుగా తెచ్చిన 12 అడుగుల రేకుని పక్క వడ్ల మిల్లులో కాటా మీద పెట్టించాను. 13 కిలోల 800 గ్రాములు. అడిగితే అందరూ ఇదే వేస్తారన్నాడు. మా మేస్త్రితో కాగితం మాటెత్తితే ముందు చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత మీరే రాయండి మాస్టారూ, సంతకం పెడతానన్నాడు. కారితే రెండు వానాకాలాలు తనే వచ్చి బాగుచేయాలని రాశాను. చదివించుకుని సంతకం పెట్టాడు.

బరంపురం కోడలు:
బయానా ఇచ్చేశారా? ఆయన అంతకుముందు వేసిన ఇల్లు ఏదైనా ఎక్కి చూశారా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు:
ఇంకా ఇవ్వలేదమ్మా. మహేంద్రతనయ ఒడ్డున ఒక ఇంటికి పోయినేడు వేశాడట. ఇప్పుడిక్కడ వాన గట్టిగానే పడుతోంది. గొడుగేసుకుని అక్కడికే బయల్దేరుతున్నాను.