విశాఖలో ఏడాకుల చెట్లు: కొట్టేయాలా, ఉంచాలా?

ఎంవీపీ వాసి:
మళ్లీ అక్టోబరు వచ్చింది, మా వీధిలో ఏడాకుల చెట్లన్నీ గుత్తులు గుత్తులుగా పూశాయి. చీకటి పడితే ఆ పూల ఘాటుకి కిటికీలు మూసుకోవాల్సిందే, మా అమ్మకి ఆస్తమా, ఈ సీజన్ అంతా ఇన్‌హేలర్ చేతిలోనే ఉంటుంది. 2014లో హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లని పడగొట్టాక త్వరగా పచ్చబడాలని వరసపెట్టి ఇవే నాటేశారు. చెట్లొద్దని నేననట్లేదు, ఇవి మాత్రం తీసేయాలి.

గాజువాక కుర్రోడు:
తీసేస్తే మే నెలలో ఎక్కడ నిలబడతావ్ బ్రో? మా బస్టాపులో ఉన్న నీడంతా ఆ ఒక్క చెట్టుదే.

నీలిసంద్రం:
ఇది బెంగాల్ రాష్ట్ర వృక్షం, శాంతినికేతన్‌లో ఒకప్పుడు పట్టా ఇచ్చేటప్పుడు ఈ ఆకులే చేతిలో పెట్టేవారు. మనకే ఎందుకో ఇంత గొడవ.

ఎంవీపీ వాసి:
వాళ్లకి తోటలో ఉంది మేడమ్, నాకు రెండో అంతస్తు కిటికీలోకి వచ్చింది.

మొక్కల మాస్టారు:
ఇవే ఎందుకు నాటారో కూడా చూడాలి కదా. పాలుకారే చెట్టు కాబట్టి పశువులు ముట్టవు, త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, నాటేవాళ్లకి ఇంతకంటే సుఖమేముంది! పైగా మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, ఆకుల నుంచి ఆవిరి లేచి చల్లబడేది ఇక్కడ తక్కువే, మనకి దక్కే లాభం ముఖ్యంగా నీడే, అది పోగొట్టుకుంటే తారు రోడ్డు, గోడలు పగలంతా కాగి రాత్రి దాకా వేడి కక్కుతాయి. తప్పు చెట్టుది కాదు, వీధంతా ఒకటే జాతి నాటడం. ఒకేసారి పూస్తే ఘాటు భరించలేం మరి. తెలంగాణలో కోనోకార్పస్‌ కథా ఇదే, ఆ మొక్కల్ని డివైడర్ల నిండా పెట్టి, తర్వాత నాటొద్దన్నారు. మధ్యమధ్యలో కానుగ, వేప, పొగడ పెట్టి, అవి అందుకున్నాక వీటిని ఒక్కొక్కటీ తీయాలి.

గాజువాక కుర్రోడు:
మళ్లీ తురాయి మాత్రం వద్దు మాస్టారూ, హుద్‌హుద్‌కి మా వీధిలో కార్ల మీద పడినవన్నీ అవే. పెళుసు కొమ్మలు, లోతులేని వేళ్లు.

ఎంవీపీ వాసి:
కానుగ ఎదిగేదాకా మా అమ్మ ఊపిరి బిగబట్టుకోవాలా?

మొక్కల మాస్టారు:
కొమ్మల చివర పూసే చెట్టు బాబూ, పూతకు ముందే చివర్లు కొట్టిస్తే ఆ ఏడు పూత బాగా తగ్గుతుంది. ఆస్తమా వాళ్లున్న ఇళ్ల ముందు ముందుగా చేయించాలి. అమ్మగారికి వాసన పడట్లేదా, పుప్పొడా, దుమ్మా అన్నది మాత్రం డాక్టరే తేల్చాలి.

ఎంవీపీ వాసి:
పోయినేడు అర్జీ పెట్టానండీ. పూలన్నీ రాలిపోయాక కత్తులు పట్టుకొచ్చారు, ఆకులున్న కొమ్మలు కొట్టి నీడ కూడా లేకుండా చేసి వెళ్లారు.

నీలిసంద్రం:
అయితే మీరు పోట్లాడాల్సింది చెట్టుతో కాదు. జులైలోనే వీధంతా సంతకాలు పెట్టి ఇద్దాం, మా అపార్ట్‌మెంట్ తరఫున నేను తెస్తా.

ఎంవీపీ వాసి:
సరే. మా గేటు ముందుది మాత్రం తీసేయమనే రాస్తా.