చిన్న బొమ్మల మీద నీడ గీతలు సన్నగా, శుభ్రంగా రావాలంటే?

అందరికీ నమస్కారం. 28 మి.మీ. సైనికుల బొమ్మలకు అక్రిలిక్ రంగులు వేస్తుంటాను. బెల్టు చొక్కాను తాకే చోట, కవచం పలకల సందుల్లో ముదురు గీత గీస్తే ఒకచోట లావుగా వస్తోంది, ఇంకోచోట తెగిపోతోంది. చాలా సన్నని 000 సైజు బ్రష్ కొన్నాను, కానీ రంగు బొమ్మను చేరేలోపే మొన మీద ఆరిపోతోంది. నీళ్లు ఎక్కువైతే గాడి దాటి పక్కకు పాకుతోంది. వాష్ (గాడుల్లోకి పారే బాగా పలచని రంగు) వేస్తే చదునైన చోట్ల మరకలు పడుతున్నాయి, అది నాకు అస్సలు నచ్చదు.

మొన బాగున్న, కాస్త పెద్దదైన 1 సైజు సేబుల్ (జంతువు వెంట్రుకల) బ్రష్ అయితే రంగు ఎక్కువసేపు తడిగా నిలుస్తుందా? లేక ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ పూసి, వాష్‌ను గాడిలోకే పారించడం మేలా? నలుపు బదులు ముదురు బ్రౌన్ వాడేవాళ్లు ఎంత పలచగా కలుపుతారో కూడా చెప్పండి. ముఖాల జోలికి వెళ్లడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు.