ఇయర్ నైన్ (13–14 ఏళ్ల) పిల్లలకి షేక్‌స్పియర్ కామెడీ, ప్రేమ సానెట్లు అవసరమా?

లీడ్స్_అమ్మ:
ఇంగ్లండ్‌లో ఉంటాం. మా అమ్మాయికి ఈ టర్మ్ 'మచ్ అడో అబౌట్ నథింగ్', దాంతోపాటు షేక్‌స్పియర్‌దే 130వ సానెట్ (పద్నాలుగు పాదాల కవిత). ఇక్కడ 11–14 ఏళ్ల మధ్య షేక్‌స్పియర్ నాటకాలు రెండు చదవాల్సిందే, పదహారేళ్లకి రాసే జీసీఎస్ఈ పరీక్షలో మళ్లీ ఒకటి. చదవనివ్వండి. కానీ కామెడీ ఎందుకండీ? పెళ్లాం దారి తప్పితే మొగుడి నెత్తిన కొమ్ములు మొలుస్తాయని అప్పటివాళ్ల వేళాకోళం. నాటకంలో ఎక్కడ చూసినా అవే కొమ్ములు. మా పిల్ల వాటి పక్కన "ఇక్కడ హాస్యం" అని రాసుకుంది, నవ్వింది మాత్రం లేదు. అదే మాక్‌బెత్ అయితే మంత్రగత్తెలు, హత్య! వద్దన్నా చదువుతారు.

చాక్‌పీస్:
ఇంగ్లిష్ టీచర్ని. కొమ్ముల జోకులు నేనూ దాటేస్తానండీ. రెండో అంకం మూడో రంగం చూడండి. పెళ్లి మాటెత్తితే మండిపడే బెనెడిక్ తోటలో నక్కి ఉంటాడు. ఆ సంగతి తెలిసే స్నేహితులు, వాడితో ఎప్పుడూ మాటల యుద్ధం చేసే బియాట్రిస్ వాడి మీద బెంగ పెట్టుకుందని గట్టిగా చెప్పుకుంటారు. వాళ్లు వెళ్లాక అయ్యగారు బయటికొచ్చి, "బ్రహ్మచారిగానే చస్తానన్నప్పుడు, పెళ్లయ్యేదాకా బతుకుతాననుకోలేదు" అంటాడు. దీనికి ఫుట్‌నోట్ ఎందుకు? బల్లలు గోడకి జరిపి, ఒకణ్ణి కర్టెన్ వెనక్కి తోస్తే చాలు.

రచ్చబండ_రాజు:
నాలుగో అంకంలో ఏం చేస్తారు మేడమ్? పెళ్లి జరగాల్సిన చర్చిలో, నలుగురి ముందూ పెళ్లికొడుకు క్లాడియో, పెళ్లికూతురు శీలాన్ని బజారుకీడుస్తాడు (ఆ పిల్ల పేరే హీరో, బియాట్రిస్‌కి చెల్లెలి వరస). కన్నతండ్రి కూడా బతకొద్దంటాడు. చివరికి ఆ క్లాడియోకే ఇచ్చి పెళ్లి! పద్నాలుగేళ్ల ఆడపిల్లకి దీన్ని కామెడీ అని ఏ ముఖంతో చెప్తాం?

చాక్‌పీస్:
పెళ్లితో ముగుస్తుంది కాబట్టి కామెడీ అన్నారు, న్యాయం జరిగిందని కాదు రాజుగారూ. క్లాసు వేడెక్కేది సరిగ్గా అక్కడే. ఏం చెయ్యమంటావో చెప్పమని బెనెడిక్ అడిగితే, బియాట్రిస్ "క్లాడియోని చంపు" అంటుంది. వాడు నీళ్లు నమిలితే, "నేను మగాణ్ణయితేనా, వాడి గుండెకాయ సంతలో నమిలేద్దును!" అని విరుచుకుపడుతుంది. ఆడపిల్లలు ఈ మాట కోసం పోటీ పడతారు.

పాతనాటకం:
ఆ మాట మొదట అన్నది మగపిల్లాడే కదా! అప్పటి లండన్ నాటకశాలల్లో ఆడవేషాలన్నీ కుర్రాళ్లవే. స్థానం నరసింహారావుగారి సత్యభామకి మనసిచ్చిన జాతికి ఇది విడ్డూరం కాదులెండి.

సానెట్ల దగ్గర నా కోపం వేరు. 1609లో అచ్చయిన 154లో మొదటి 126 చాలావరకు ఒక యువకుణ్ణి ఉద్దేశించినవని పండితులు మామూలుగా చెప్పేదే. "వేసవి రోజుతో పోల్చనా" అనే 18వదీ అందులోదే. 1640లో జాన్ బెన్సన్ అనే ప్రచురణకర్త కొన్నిచోట్ల సర్వనామాలు మార్చి, అతణ్ణి ఆమెని చేసి మరీ అచ్చేశాడు. ఆ సంగతి దాచి, ఆడపిల్లకి రాసిన ప్రేమలేఖలా చెప్పే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. చెప్పదలుచుకుంటే పూర్తిగా చెప్పండి, లేదా మానెయ్యండి.

లీడ్స్_అమ్మ:
మీరు చెప్పే క్లాసు అందరికీ దొరకదు టీచర్‌గారూ. మా అమ్మాయి క్లాసులో నలుగురైదుగురికి వేషాలు, మిగతావాళ్లకి వర్క్‌షీట్లు. మార్కులేమో "నాటి సమాజ నేపథ్యం" రాస్తే వస్తాయి. అందుకే పాఠంగా వద్దంటున్నాను. ఏడాదికోసారి నాటకానికి తీసుకెళ్లండి, కాదంటే చూడండి.
అది సరే, 130వ సానెట్ మీద వచ్చేవారం టెస్టు. ప్రియురాలి జుట్టు నల్లటి తీగలట, ఊపిరి కంపట. ఇది తిట్టా, మెచ్చుకోలా అని అడుగుతోంది. ఏం చెప్పను?

పాతనాటకం:
ముందు 'ఆస్ట్రోఫెల్ అండ్ స్టెల్లా' అనే సానెట్ల పుస్తకం తీయించండమ్మా. కవి ఫిలిప్ సిడ్నీది, 1591లో అచ్చయ్యాక ఇంగ్లండ్ అంతా సానెట్ల పిచ్చి పట్టింది. అందులో 9వది చదివించండి. అందులో ప్రియురాలు స్టెల్లా ముఖం ఓ రాజభవనం: నుదురు పాలరాయి, కప్పు బంగారం, పెదవులు ఎర్రరాతి తలుపు, దానికి ముత్యాల తాళం. మన ప్రబంధ నాయికల పక్కన కూచోబెట్టొచ్చు. అది చదివిన వెంటనే 130 ఇవ్వండి. తిట్టు ఎవరికో తనే చెప్తుంది.