మేజర్ సినిమా చూసి పిల్లలు ఏడ్చారు, ఈలలూ వేశారు. ఇందులో తప్పేది?

నాగావళి
మొన్న నవంబరు 26 సాయంత్రం మా కాలేజీ ఆవరణలో తెర కట్టి ‘మేజర్’ వేశాం. 2008లో ముంబయి మీద దాడి జరిగినప్పుడు తాజ్ హోటల్లో ప్రాణాలొదిలిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ కథ అది. 2022 జూన్‌లో వచ్చింది, అడివి శేష్ చేశాడు. మీలో చాలామంది చూసే ఉంటారు.

చివరి అరగంటలో ముందు వరసల్లో ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. వెనక నిలబడ్డ మగపిల్లలు హీరో తుపాకీ పేల్చిన ప్రతిసారీ ఈలలు, కేకలు. కొందరైతే ఫోను తమవైపు తిప్పుకుని తడి కళ్లతో వీడియో తీసుకుని, సినిమా అవకముందే స్టేటస్‌లో పెట్టేశారు. మర్నాడు స్టాఫ్‌రూములో పెద్ద గొడవ. ‘ఏడ్చారంటే దేశం మీద ప్రేమ ఉన్నట్టే కదా’ అని వాళ్లు, ‘166 మంది పోయిన రోజున ఈలలేమిటి’ అని నేను. ఆ ఈలలు నాకింకా చెవుల్లో గింగురుమంటున్నాయి. మీరేమంటారు?

ఫస్ట్ డే ఫస్ట్ షో
మేడమ్, సినిమా వేసి ఈల వెయ్యొద్దంటే ఎలా? టెర్రరిస్టుని కాలిస్తే కుర్రాళ్లకి రక్తం పొంగుతుంది. పొంగాలి కూడా. అది గౌరవమే.

బొబ్బిలి అమ్మాయి
మా అమ్మ ఈ సినిమా టీవీలో చూసి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కొడుకు ఫోటో పట్టుకున్న ఆ తల్లే కళ్లముందు కనిపిస్తోందంది. అలాంటి ఏడుపుని తప్పు పట్టకండి, దండం పెడతాను.

మాజీ హవల్దార్, టెక్కలి
నేను ఆర్మీలో చేసి వచ్చినవాణ్ని. 2008లో ఆ మూడు రోజులూ డ్యూటీ దిగగానే టీవీ ముందుకే పరుగెత్తేవాళ్లం. సందీప్ సార్ పోయారని 28న తెలిసింది. మా బ్యారక్‌లో ఎవడూ మాట్లాడలేదు. ఆయన మా యూనిట్ కాదు, మాలో ఎవరూ ఆయన్ని చూసింది లేదు. అయినా ఇంట్లో మనిషి పోయినట్టే అయ్యింది.

ఇప్పుడు టెక్కలిలో, పలాసలో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ పేరు తెలుసంటే సినిమా వల్లే. పాఠ్యపుస్తకం చదివి ఎవడూ కన్నీరు పెట్టలేదు. మన జిల్లాలో ఫౌజుకి పోనివాడు లేని ఊరు వెతికితే గానీ దొరకదు. ఆ పిల్లలు ఈల వేస్తే వెయ్యనీండి, ఏడిస్తే ఏడవనీండి. మేము చేసినదానికి జనం దగ్గర మాకు దొరికేది అదొక్కటే. అది కూడా పద్ధతిగా ఏడవలేదని మార్కులు వేస్తారా మేడమ్?

శ్రీకాకుళం రోడ్
హవల్దార్ గారూ, నమస్కారం. నేను ఆముదాలవలసలో ఉంటాను, రైల్వేలో చేసి రిటైరయ్యాను. మీ బాధ అర్థమవుతోంది. అయితే ఒకటడుగుతాను. ఆ రాత్రి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో పోయినవాళ్లు యాభై మందికి పైనే. సామాన్లు పక్కన పెట్టుకుని బండికోసం కూర్చున్న కూలీజనం, మన పాసింజర్ బళ్లలో ఎక్కే జనంలాంటివాళ్లు. అక్కడ అనౌన్సరు విష్ణు జెండే అని ఒకాయన మైకు వదల్లేదు. ఇటు రావద్దు, వెనక గేటునుంచి బయటికి పొండని చెబుతూనే ఉన్నాడు. తుపాకులు పట్టుకున్నవాళ్లు హాల్లో తిరుగుతుంటే అద్దాల గదిలో కూర్చుని చెప్పాడు. ఆ మైకు వల్ల బతికిపోయినవాళ్లు ఎందరో. ఆయన పేరు మీ కుర్రాళ్లలో ఎవరికైనా తెలుసా?

తాజ్ హోటల్ గుమ్మటం మంటల్లో ఉన్న ఫొటో అందరికీ గుర్తు. స్టేషన్ నేలమీద పడి ఉన్న సంచులు ఎవరికీ గుర్తు లేవు. సినిమా ఎవర్ని చూపిస్తే వాళ్లకే ఏడుపు. నాకున్న పేచీ అదీ.

ఫస్ట్ డే ఫస్ట్ షో
సార్, అది మేజర్ గారి కథ. అనౌన్సరు కథ కావాలంటే వేరే సినిమా తియ్యాలి. ఇంతకీ ఈల విషయానికొద్దాం. మేడమ్, ఈల వేసింది హీరో చనిపోయినప్పుడా, టెర్రరిస్టుని కాల్చినప్పుడా? రెంటికీ చాలా తేడా ఉంది.

నాగావళి
కాల్చినప్పుడు. కాల్చిన క్షణానికీ ఆయన పోయిన క్షణానికీ మధ్య ఎంతసేపుందని? ఈల వేసిన నోటితోనే అయ్యో అన్నారు.

ఫస్ట్ డే ఫస్ట్ షో
అదే మేడమ్ నేను చెప్పేది. అయ్యో కూడా అన్నారు కదా!

ఉప్పునీరు
మేజర్ గారికి దండం. ఈ తగువులో మావోళ్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు, అందుకే రాస్తన్నాను. దాడి చేసిన ఆ పదిమందీ ముంబయి ఎలాగొచ్చారు? కరాచీ నుంచి బయల్దేరి, నడిసముద్రంలో గుజరాత్ వేటబోటు ‘కుబేర్’ని పట్టుకుని అందులో వచ్చారు. బోటులో అయిదుగురున్నారు. నలుగుర్ని ముందే చంపేశారు. బోటు నడిపే తండేలుని మాత్రం ముంబయి దగ్గరకొచ్చేదాకా ఉంచుకుని, ఒడ్డు కనబడ్డాక పీక కోశారు. ఆ దాడిలో మొట్టమొదట పోయినోళ్లు వేటకెళ్లినోళ్లే.

మా శ్రీకాకుళం ఒడ్డు పొడుగునా ఊళ్లన్నీ ఖాళీ చేసి ఎల్లేది ఆ గుజరాత్ బోట్లలోకే. ఆగస్టులో వేట మొదలవగానే వీరావల్ బళ్లెక్కుతారు. మా బాబు ఎల్లాడు, నాను ఎల్లాను. కుబేర్ సంగతి అక్కడ ప్రతి బోటులోనూ చెప్పుకుంటారు. రాత్రిపూట ఏ బోటు దగ్గరకొచ్చినా లైటేసి చూస్తాం, అదెవులిదో తెలిసేదాకా కునుకు పట్టదు. ఆ దాడి తరవాత మాకు వేలిముద్రల కార్డులిచ్చారు. సముద్రంలో ఆపి కార్డేదీ అంటారు. పోయినోళ్ల పేర్లు మాత్రం ఎవులూ అడగలేదు.

మావోళ్ల మీద కూడా సినిమా వచ్చింది, ‘తండేల్’, 2025 ఫిబ్రవరిలో. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయి, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు కదా, ఆ కథ. హాల్లో నా పక్కనున్నోళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఏడిశాను. మరి ఆగస్టొచ్చేసరికి మళ్లీ అవే బళ్లు, అవే సంచులు, అదే వీరావల్. మన ఒడ్డున పెద్ద బోట్లు ఆగే చోటుంటే అంతదూరం ఎందుకెల్తారని హాల్లో ఏడిసినోళ్లలో ఒక్కరడిగితే మాకు చాలును.

విజయనగరం కోట
ఉప్పునీరు అన్నా, కుబేర్ గురించి నాకసలు తెలీదు. రాసినందుకు థాంక్స్.

మాజీ హవల్దార్, టెక్కలి
ఉప్పునీరు బాబూ, నువ్వు చెప్పింది నిజం. కానీ నువ్వే ఒప్పుకున్నావు, సినిమా చూసి ఏడిశానని. సినిమా రాకపోతే మీ ఊళ్లోవాళ్లు జైల్లో ఉండొచ్చారని విశాఖపట్నంలో కూడా ఎవడికీ పట్టేది కాదు.

రైల్వే మాస్టారికి ఒకటి చెప్పాలి. పేర్ల సంగతెత్తారు కాబట్టి చెప్తన్నాను. అదే దాడిలో నారిమన్ హౌస్‌లో ఎన్ఎస్జీ కమాండో దళం హవల్దార్ గజేందర్ సింగ్ బిష్త్ పోయాడు. హెలికాప్టర్లోంచి మేడమీదకి దిగిన జట్టులోవాడు. ఆయనకీ 2009లో అశోక చక్రే వచ్చింది. కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, తూటాలు కడుపులో దిగుతున్నా వదలని తుకారాం ఓంబ్లేకీ వచ్చింది. వీళ్లలో ఆఫీసర్లు కానివాళ్లకి సినిమా లేదే అని నాకు లేదా బాధ? ఉంది. నాదీ హవల్దార్ ర్యాంకే. అలాగని మేజర్ గారి కోసం వచ్చిన కన్నీళ్లని చిన్నబుచ్చను. ఒకరికోసం ఏడవడం నేర్చుకున్నవాడు రేపు ఇంకొకరికోసం ఏడుస్తాడు.

శ్రీకాకుళం రోడ్
ఏడవరు హవల్దార్ గారూ, అక్కడే మనకి తేడా. 2017 జనవరి 21 రాత్రి కూనేరులో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. నలభై మంది దాకా పోయారు. 2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి కంటకాపల్లికీ అలమండకీ మధ్య ఆగి ఆగి వెళ్తున్న పలాస పాసింజర్‌ని వెనకనుంచి రాయగడ పాసింజర్ ఢీకొట్టింది. 14 మంది పోయారు, రాయగడ బండి లోకో పైలట్ కూడా అందులోనే పోయాడు. ఇవన్నీ మన గడపలో జరిగినవి. ఈ తేదీలకి తెర కట్టిన కాలేజీ ఒక్కటుంటే చెప్పండి.

మాజీ హవల్దార్, టెక్కలి
రైలు ప్రమాదాన్ని తెచ్చి ఇందులో కలపకండి మాస్టారూ. అది ప్రమాదం. ఇది దేశం మీద దాడి. ఒకటి కర్మ కొద్దీ జరిగింది, రెండోది శత్రువు చేసింది. మనిషి కావాలని ఎదురెళ్లి చావడం వేరు, సీట్లో కూర్చుని పోవడం వేరు.

శ్రీకాకుళం రోడ్
సీట్లో కూర్చుని పోవడమా? ఈ మాట మీరు అన్నారు కాబట్టి ఇంక దాచను. ఆ పలాస పాసింజర్లో మా అప్ప కొడుకున్నాడు. విశాఖలో వెల్డింగ్ పని, ఆదివారం సాయంత్రం ఇంటికొస్తున్నాడు. బతికాడు. కాలిలో రాడ్డు వేశారు. ఆస్పత్రిలో స్పృహ వచ్చిన దగ్గర్నుంచి ‘మావయ్యా, నా సంచేదీ’ అని ఒకటే గోల. అందులో మా అప్ప కోసం కొన్న కంటి చుక్కల మందుంది. సంచి దొరకలేదు.

సరిగ్గా రెండు వారాలకి దీపావళి. వీధిలో బాంబు పేలినప్పుడల్లా వాడు మంచం పట్టె పట్టుకునేవాడు. వాణ్ని చూడ్డానికి మా వీధివాళ్లు ఒక్కరూ రాలేదు. అదే వీధి కుర్రాళ్లు ఒక సినిమా విడుదలైన రోజున హీరోకి ఫ్లెక్సీ కట్టి, పాలు పోసి, బైటికొచ్చి కళ్లు తుడుచుకుంటున్న ఫొటోలు పెట్టారు. ఊళ్లో కాలు విరిగినవాడి గుమ్మం ఎక్కనివాళ్లకి తెరమీద మనిషికోసం కన్నీళ్లెక్కణ్ణుంచొస్తాయి?

మీకు ఎదురుగా శత్రువుంటేనే చావుకి విలువ. వెల్డరు చావుకి, కూలీ చావుకి ఎదురుగా ఎవడూ లేడు. అందుకే దేశం వాటిని లెక్కపెట్టదు.

బొబ్బిలి అమ్మాయి
సార్, మీ మేనల్లుడు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

శ్రీకాకుళం రోడ్
నడుస్తున్నాడమ్మా. రైలు మాత్రం ఎక్కడు. బస్సులోనే వెళ్తాడు.

మాజీ హవల్దార్, టెక్కలి
మాస్టారూ, మీకు కోపం సినిమా మీద కాదు, మీవాణ్ని దేశం లెక్కలోకి తీసుకోలేదని. అదే నేరుగా అనొచ్చు కదా. నాకూ ఒకటుంది, రాస్తాను.

నాతో చేసిన కుర్రాడొకడు కొండల్లో మంచు విరిగిపడి పోయాడు. శత్రువు లేడు, తుపాకీ లేదు. పెట్టెతో పాటు నన్నే పంపారు. ఊరి పొలిమేర నుంచి బైకుల ర్యాలీ. పెట్టె దించీ దించగానే ముందు ఫోన్లు లేచాయి. వాళ్లావిడ ముఖానికి అడుగు దూరంలో ఒకడు వీడియో తీస్తుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. అదే తారీఖుకి మరుసటేడు నేను ఆ ఊరెళ్తే ఇంట్లో ఆవిడ, అత్తగారు, దండ వేసిన ఫొటో. ఇంకెవరూ లేరు. బడికి పేరు పెడతామన్న పెద్దమనుషులు ఆ వీధికే రాలేదు.

కాబట్టి జనం ఏడుపు ఎంతసేపుంటుందో నాకు మీరు చెప్పక్కర్లేదు. తెలిసే అడుగుతున్నాను, ఆ కొంచెమైనా ఉండనియ్యండని. అది కూడా తీసేస్తే ఆ దండ ఫొటో దగ్గర ఏం మిగుల్తుంది?

శ్రీకాకుళం రోడ్
మంచు విరిగిపడి పోయాడంటే మీ లెక్కలో అది కూడా ప్రమాదమే కదా. అతని పెట్టె మీద జెండా కప్పారు, కప్పాలి కూడా. కూనేరులో పోయినవాళ్లకి అంత అక్కర్లేదు. వాళ్లు కూడా ఈ దేశం మనుషులేనని ఏడాదికోసారి అనుకుంటే చాలు.

ఫస్ట్ డే ఫస్ట్ షో
మేమేదో సరదాకి ఈలలేశామన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. నేను ఆ సినిమా చూశాకే అగ్నివీర్‌కి అప్లై చేశాను. రన్నింగ్‌లో పోయింది. మళ్లీ చేస్తాను. నా ఈలకి ఆ మాత్రం అర్థముంది.

మాజీ హవల్దార్, టెక్కలి
అప్లై చెయ్యి బాబూ. తెల్లారి నాలుగింటికి లేచి పరిగెత్తు. ఈల మాత్రం తగ్గించు, ఊపిరి దానికి కావాలి.

నాగావళి
ఈ గొడవ ఎందుకు మొదలెట్టానో సగమే రాశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఈలలు మొదలైనప్పుడు సెకండియర్ అమ్మాయి ఒకతె లేచి బయటికెళ్లిపోయింది. వెనకే వెళ్లాను. మెట్లమీద కూర్చుని ఫోన్లో వాళ్ల నాన్నకి రింగిస్తోంది. ఆయన సీఆర్‌పీఎఫ్, ఛత్తీస్‌గఢ్‌లో డ్యూటీ. సిగ్నల్ లేదు. మళ్లీ మళ్లీ నొక్కుతోంది. కంట్లో చుక్క నీరు లేదు. లోపల వందలమంది ఏడుస్తున్నారు, బయట ఆ పిల్ల ఏడవట్లేదు. నాకు ఈలల మీద కోపం అక్కడ పుట్టింది. మనం వేసిన సినిమా ఎవరికోసమో వాళ్లే లోపల కూర్చోలేకపోయారు.

ఉప్పునీరు
దొరికారా అమ్మా, వాళ్ల నాన్నగారు?

నాగావళి
రాత్రి పదింటికి ఆయనే చేశారట.

మాజీ హవల్దార్, టెక్కలి
మా అమ్మాయి కూడా అలాగే చేసేది. సిగ్నల్ ఉన్న గుట్టెక్కి నేను చేస్తే, ఫోనెత్తి ముందు తిట్టేది. మేడమ్, ఆ పిల్లని క్లాసులో లేపి దీని గురించి మాట్లాడమని మాత్రం అనకండి. వచ్చే ఏడు సినిమా వేసేముందు ఇంట్లో ఫౌజుల్లో ఉన్న పిల్లల్ని విడిగా అడగండి, ఉంటారా వెళ్తారా అని. అంతకుమించి ఆపొద్దు. వెయ్యండి.

శ్రీకాకుళం రోడ్
వెయ్యండి, నేనూ వద్దనను. వేసేముందు ఆ స్టేషన్లో పోయినవాళ్ల గురించి, కుబేర్ బోటు గురించి ఒక్క పది నిమిషాలు చెప్పండి. మేడమ్ పిలిస్తే నేనొచ్చి చెబుతాను. హవల్దార్ గారూ, వచ్చే అక్టోబరు 29న నేను కంటకాపల్లి వెళ్తున్నాను. మా మేనల్లుణ్ని కూడా రమ్మంటున్నాను, బస్సులోనే. మీరొస్తారా?

మాజీ హవల్దార్, టెక్కలి
వస్తాను. యూనిఫాం మెడల్స్ పెట్టుకుని మరీ వస్తాను. కానీ అది ప్రమాదమే అంటాను, అక్కడ నిలబడి కూడా అంటాను.