ఇంటి పన్ను ఒక్కసారిగా ఇంత ఎలా పెరిగింది?

గోరింట చెట్టు: రాత్రి నుంచి బుర్ర వేడెక్కిపోతోంది. ఏటా 15 శాతానికి మించి పెంచరన్నారు కదా? నిరుడు 4,180 కట్టాను, ఈసారి నోటీసు 9,640కి వచ్చింది. ఇల్లు అదే, గోడలు అవే. వార్డు సచివాలయంలో అడిగితే "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది సార్" అంటున్నారు.

నాంపల్లి నవాబు: చదరపు అడుగుకు నెల అద్దె ఎంత వేశారో చూడండి. దాన్ని ఏడాదికి కట్టి స్లాబు శాతం వెయ్యాలి, పైన లైబ్రరీ సెస్సు.

బందరు లడ్డు: సచివాలయం అంటున్నారంటే ఆంధ్ర. మీ హైదరాబాదు లెక్క ఇక్కడ నడవదు గురువుగారూ. 2021 ఏప్రిల్ నుంచి మాకు మార్కెట్ విలువ మీదే పన్ను.

నాంపల్లి నవాబు: మార్కెట్లో మా బావమరిది ఇల్లు కోటి పలుకుతుంది. దాని మీద వేస్తారా?

బందరు లడ్డు: కాదండీ. రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఉన్న స్థలం విలువ, కట్టడం విలువ కలిపి. అందులో ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య.

మాజీ బిల్ కలెక్టర్: అసలు సంగతి వినండి. 2021కి ముందు ఇక్కడా పన్ను అద్దె విలువ మీదే. ఇళ్ల అద్దె విలువలు 2002లో సవరించారు, తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోలేదు. అప్పటి పొలాల మధ్య కాలనీ ఇప్పుడు బైపాస్ పక్కన ఉన్నా పాత పన్నే. ఒక్కసారే పెంచితే జనం ఊరుకోరని 15 శాతం గీత పెట్టారు. చూడ్డానికి చిన్నదే, కానీ ఐదేళ్లు వరసగా పెరిగితే రెట్టింపు.

సామాన్యుడు: చెత్త పన్ను గురించి ఎవరూ మాట్లాడరేం? 2024లో ఎత్తేశారు, అంతకుముందు కట్టిన డబ్బు ఎవడిస్తాడు?

బందరు లడ్డు: దానికి వేరే పోస్టు పెట్టండి స్వామీ.

పాత పట్టా: నోటీసులో వినియోగం గడిలో ఏముంది?

గోరింట చెట్టు: రెసిడెన్షియల్, కమర్షియల్ రెండూ ఉన్నాయి. దసరాకి ముందు గది మందుల షాపుకి అద్దెకిచ్చాం. షట్టర్ ఒక్కటే పెట్టించాం, దానికి కూడానా?

పాత పట్టా: దానికే.

మాజీ బిల్ కలెక్టర్: ముందే చెప్పాల్సింది! వ్యాపారానికి 0.20 నుంచి 2 శాతం వరకు ఉంటుంది. 15 శాతం గీత ఇల్లు ఇల్లుగానే ఉన్నప్పుడు. షాపు ఎన్ని అడుగులని వేశారు?

గోరింట చెట్టు: 940. అది కింద వాటా మొత్తం! గది 12 బై 14 అంతే.

మాజీ బిల్ కలెక్టర్: దొరికింది. షాపు 168 అడుగులే, మిగతాది నివాసమని కమిషనర్ పేరున రివిజన్ పిటిషన్ పెట్టండి. అద్దె అగ్రిమెంటు, గది కొలతల స్కెచ్ జత చెయ్యండి. వచ్చి కొలవమనండి. గడువు నోటీసులోనే ఉంటుంది. కట్టకుండా కూర్చుంటే నెలకు 2 శాతం వడ్డీ.

సామాన్యుడు: కొలవడానికి వచ్చినోడికి కాఫీ, టిఫిను కూడా మనమే పెట్టాలి.

గోరింట చెట్టు: సరే, సోమవారం వెళ్తా. థాంక్స్.

కువైట్ కుర్రాడు: అన్నా, ఊళ్లో మా ఖాళీ స్థలానికి కూడా పన్ను నోటీసు వచ్చింది. చుట్టూ ముళ్లకంపే. అది కూడా కట్టాలా?